నూట పదకొండు తర్వాత

"కొంగ చచ్చిపోతుందమ్మా" అంది తన్మయి,
బడి సంచి ఇంకా భుజం దించకుండానే.
మూడో పుస్తకంలోనట. రెల్లు చిత్తడి దాటేటప్పుడట.

చావదు, అన్నాను.
మంచురేవు కథలు ఆరు సంపుటాలూ నాకు కంఠతా.
పడవెక్కే పిల్లలు ముగ్గురు,
ముక్కుకి లాంతరు తగిలించుకుని ముందు నడిచే ముసలి కొంగ,
నత్తగుల్లల్లో ఉత్తరాలు దాచే మంత్రగత్తె.
పోపు గింజల్లా
ఏది ఎప్పుడు చిటపటమంటుందో చెప్పగలను.
కొంగ చావదు.

"లైబ్రరీ పుస్తకం అబద్ధం చెబుతుందా?"
తొమ్మిదేళ్ళ లాయరు.

అటక నిచ్చెన దించాను.
గ్రిమ్స్‌బీలో అటకంటే గాజుపీచు పరుపు, సాలెగూళ్ళు,
హంబర్ మీంచి వచ్చే గాలికి పెంకుల గొణుగుడు.
అట్టపెట్టెలో ఆరూ ఉన్నాయి,
ఫ్రీమన్ స్ట్రీట్ సంతలో
ఇరవై పెన్నీలకొకటి చొప్పున నాన్న కొన్నవి.
బొమ్మల్లో నేననుకున్నన్ని రంగులు లేవు.
మంత్రగత్తెకి నలభై కూడా ఉండవు.
ఒంటరిది, రేవు దాటే వాళ్ళని రుసుము అడుగుతుంది, అంతే.
ఆ ముగ్గురు పిల్లలూ కాస్త పొగరుబోతులే,
ఒక్కరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు.
నిచ్చెన మెట్టు మీదే కూచుని చదివాను.
కింద కుక్కర్ ఎన్ని కూతలేసిందో లెక్క తప్పింది.

నూట పదకొండు.
తిప్పితే నూట పద్నాలుగు.
అక్కడ పిల్లలు ఎందుకో తడి చెంపలతో నడుస్తుంటారు,
పొగమంచు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆకు అట్టలా మందంగా ఉంది.
బల్బుకి ఎదురుగా పట్టి చూశాను.
అంచు వెంబడి వరసగా, ఎండి గాజైపోయిన
అన్నం మెతుకులు.

నేను కాదు. నాకింత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు.
కరెంటు బిల్లుకీ, చిరిగిన పాస్‌బుక్కుకీ,
నా స్కూలు చార్టులకీ
మెతుకు నులిమి రాయడం తెలిసిన బొటనవేలు
ఇంట్లో ఒక్కటే.

చేపల గిడ్డంగిలో రాత్రంతా పెట్టెలు మోసి
తెల్లారి ఉప్పువాసనతో వచ్చేవాడు.
పడుకోకుండా, డిక్షనరీ పక్కన పెట్టుకుని
నాకంటే ఒక అధ్యాయం ముందు చదివేవాడు.
మార్జిన్ల నిండా పెన్సిలు:
రెల్లు. పడవ తాడు. తడబడు. తెడ్డు.
ఎందుకు నాన్నా అంటే
ఇంగ్లీషు నేర్చుకుంటున్నానే అనేవాడు.

ఆ చలికాలమే
అమ్మ ఆసుపత్రి నుంచి దుప్పటి మడతతో తిరిగొచ్చింది,
దుప్పటి మడతతో మాత్రమే.
పక్కింటివాళ్ళిచ్చిన తొట్టిని
నాన్న చీకట్లోనే మోసుకెళ్ళి తిరిగిచ్చేశాడు.
నేనేమీ అడగలేదు.
నేనప్పుడు రెల్లులో కొంగ వెనక నడుస్తున్నాను.

కెటిల్ పెట్టింది తన్మయి.
ఆవిరికి ఊడుతుందట, ఎక్కడో చూసిందట.
ఊడింది, కొంచెం చిరిగి.
చూస్తే చావు సగం పేజీయే.
లాంతరు నీళ్ళలో పడిన చప్పుడు ఒక్క వాక్యం.
బాగానే రాశారు, ఎక్కువ చేయకుండా.

మార్జిన్లో నాన్న పెన్సిలు:
ఆరిపోయెను. కొట్టేశాడు.
ఆగిపోయెను. కొట్టేశాడు.
కింద కాగితం గరుకుగా ఉంది,
ఏదో రాసి, రబ్బరుతో చెరిపి చెరిపి.
మూడో మాట దొరికుండదు.
లేచి అన్నం గిన్నె దగ్గరికి వెళ్ళుంటాడు.

"మరి తర్వాతి పుస్తకాల్లో కొంగ ఎక్కడా లేదు కదా,
ఏమైందనుకున్నావు?"

నైట్ డ్యూటీకి వెళ్ళిందనుకున్నాను.